బేరి చెట్టు కింద పాతిన సీసా

ఇల్లు విడిచి వెళ్ళేముందు చేయవలసిన పనులు:

అద్దె గది తాళాలు తెచ్చుకోవాలి.
పరుపుకీ బట్టల పెట్టెకీ వ్యాను మాట్లాడాలి.
అమ్మ ఎన్ని పచ్చడి జాడీలు ఇస్తే అన్నీ తీసుకుంటానని, ఖాళీ అయ్యాక మూతలతో సహా తిరిగి తెస్తానని మాట ఇవ్వాలి.
నన్నెవరూ ఇంట్లోంచి తరమలేదని వీధిలో చెప్పాలి. జబ్బు లేదని కూడా చెప్పాలి. అడిగితే, కడుపు కూడా లేదని చెప్పాలి.
నాన్నతో మాట్లాడాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి. కడుపు సంగతి పక్కింటావిడ అడగకుండానే నా నడుము చూసి తేల్చుకుంది.

సెర్బియాలోని మా పీరోత్ ఊళ్ళో పిల్లలు కన్నవాళ్ళ ఇల్లు విడవడానికి మూడు దారులున్నాయి. పెళ్లి, జర్మనీ, శ్మశానం. మూడింటికీ అందరూ వచ్చి ఏడుస్తారు, భోంచేసి వెళతారు. నేను పట్టింది నాలుగో దారి. నిషావా నది వంతెన దాటగానే ఒక గదీ, వంటిల్లూ. అక్కడి బాల్కనీలో నిలబడితే మా ఇంటి పొగగొట్టం కనిపిస్తుంది.

"అంత దూరమా?" అంది అమ్మ.

మా వంశంలో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఆ చదువైనా ఒంటరిగా చదివానని ఎవరూ అనుకోకూడదు. చదువుకి నీష్ నగరంలో ఉన్నన్నాళ్ళూ మేనత్త ఇంట్లో ఉన్నాను. కాపలా విషయంలో ఆవిడ అమ్మకన్నా రెండాకులు ఎక్కువే చదివింది. రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చి, ఊళ్ళోని పాల కర్మాగారం ప్రయోగశాలలో కుదురుకున్నాను. వెన్నలో ఎంత నీరుందో చెప్పి సంతకం పెట్టడం నా పని. ఆ సంతకాన్ని ఊరంతా నమ్మి జున్ను తింటుంది. ఇంట్లో మాత్రం నా రసాయన శాస్త్రం చెల్లదు, తడి జుట్టుతో కిటికీ దగ్గర నిలబడితే చస్తానని అందరి నమ్మకం.

గది తీసుకున్నానని చెప్పిన సాయంత్రం నాన్న టీవీ శబ్దం పెంచారు. ఆయన పేరు తిహోమిర్, గోడలకు సున్నం పూసే మేస్త్రీ. కోపం వస్తే అరవరు, ఎండిన సున్నంలా బిగుసుకుపోతారు. ఆ రోజు నుంచీ నాతో అమ్మ ద్వారానే మాట్లాడారు.

"ఉప్పు ఇటివ్వమని చెప్పు మీ అమ్మాయికి."

ఉప్పు నా చేతిలోనే ఉండేది. అమ్మ నా చేతిలోంచి తీసుకుని ఆయన చేతిలో పెట్టేది. రెండు దేశాల మధ్య రాయబారం కూడా ఇంత మర్యాదగా సాగదు.

నేను పుట్టిన రోజున నాన్న పెరట్లో బేరి చెట్టు కింద ఒక పెద్ద సీసా పాతారు. దాన్నిండా ప్లమ్ పళ్ళతో ఇంట్లోనే కాచిన రకియా. ఆ సారాని నా పెళ్లినాడు తవ్వి తీయాలి. మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే. నా డిగ్రీ పట్టా గోడకు వేలాడుతోంది, కానీ చుట్టాలొస్తే నాన్న చూపించేది ఆ చెట్టు మొదలే. "ఈపాటికి తేనెలా అయుంటుంది" అనేవారు, నా వైపు చూడకుండా. మా నాయనమ్మ జగోర్కా మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. ప్రతి ఏడూ వెల్లుల్లి నాటడానికి ఆవిడకి పెరడంతటిలో ఆ చెట్టు మొదలే నచ్చేది. అక్కడ మట్టి గుల్లగా ఉంటుందట.

నాకు కావలసింది ఒక్కటే. నాన్న గేటు దాకా వచ్చి, నలుగురూ వినేలా "వెళ్ళిరా" అనడం. ఆ మాట అంటే నేను వెళ్ళినదాన్నవుతాను, అనకపోతే పారిపోయినదాన్నవుతాను. ఆ తేడా వంతెన దాటినా పోదు.

శనివారం పొద్దున వ్యాను వచ్చింది. పరుపు, పెట్టె, ఇంకో పెట్టె, ఎర్రమిరప పచ్చడి జాడీలు ఎక్కించాం. వ్యాను వెనక తలుపు సరిగ్గా పడలేదు. అమ్మ లోపలికెళ్ళి, పూలు కుట్టిన కొత్త తువ్వాలు తెచ్చి దానితో తలుపు బిగించి కట్టింది. తువ్వాలు కట్టిన బండి మా ఊళ్ళో పెళ్లి బండే. ఆ సంగతి ఆ క్షణంలో తనకి తట్టలేదంది అమ్మ. నేను నమ్మాను. కన్నతల్లి కదా.

నేను కోటు తొడుక్కుని వచ్చేసరికి పక్కింటి చెదోమిర్ గేటు ముందు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టేశాడు. పెళ్లికూతుర్ని తీసుకెళ్ళే బండిని ఆపి, సుంకం తీసుకుని వదలడం మా ఊళ్ళో పక్కింటివాడి హక్కు.

"ఏమోయ్ తిహోమిర్, పిల్లకి పెళ్లి చేస్తూ పక్కింటోడికి చెప్పవా? ఒక విస్తరి ఎక్కువవుతుందని భయమా?" అని లోపలికి కేకేశాడు.

"పెళ్లి కాదు బాబాయ్. గది అద్దెకి తీసుకున్నాను," అన్నాను.

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

"ఇదేం పెళ్లే?"

"కాదనే కదా చెప్తున్నా."

"మరి తువ్వాలు?"

"తలుపు ఊడిపోతుందని."

చెదోమిర్ భార్య నా భుజం నిమిరింది. "పోనీలే తల్లీ. ఆ అబ్బాయి ఎవరో గానీ, నీకు తగినవాడు కాదు."

"చూడమ్మా నెవెనా, తాడు కట్టాక ఊరికే విప్పకూడదు, అరిష్టం," అన్నాడు చెదోమిర్. "రకియా పోయించుకోకుండా నేనెన్నడూ విప్పింది లేదు. పెళ్లికొడుకు లేడంటున్నావు. మరి సుంకం ఎవరిస్తారు?"

అందరూ మా తలుపు వైపు చూశారు. అప్పటిదాకా గడపలో నిలబడ్డ నాన్న వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. టీవీ శబ్దం కోసం చెవులు రిక్కించాను. వినిపించింది పార శబ్దం.

మేం పెరట్లోకి వెళ్ళేసరికి ఆయన బేరి చెట్టు కింద తవ్వుతున్నారు. నాయనమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని లాగుతోంది.

"ఒరేయ్, వద్దురా. నా వెల్లుల్లి పాడవుతుంది."

"వెల్లుల్లి ఎండాకాలంలోనే పీకేశావు కదమ్మా."

"మట్టికి కాస్త విశ్రాంతి ఉండొద్దా? అయినా అది పెళ్లికి కదరా పాతావు."

నాన్న పార ఆపారు. "పిల్ల గడప దాటే రోజుకి పాతాను. దాటుతోందిగా," అన్నారు. తరవాత అమ్మ వైపు కాకుండా నా వైపే తిరిగి, "గ్లాసులు పట్రా, నెవెనా," అన్నారు.

వంటింట్లోకి పరుగెత్తాను. అయినా గ్లాసులు పగలకుండా తెచ్చాను, బాధ్యత గలదాన్ని కాబట్టి.

నాన్న సీసాకి అంటిన మట్టి తుడిచి, గేటు దగ్గర నిలబడి అందరికీ పోసి, ముందు తాను తాగారు. ఆయన ముఖం బిగుసుకుంది. నేనూ ఒక గుక్క తాగాను. వెన్నలో నీరు కొలిచేదాన్ని, దీనికి ప్రయోగశాల అక్కర్లేకపోయింది. అది స్వచ్ఛమైన మా బావి నీరు.

చెదోమిర్ కళ్ళు మూసుకుని మింగాడు. చాలాసేపు తెరవలేదు. మరి, ఒక ఇంటివాళ్ళు కూతురి కోసం దాచిన సారాని నీళ్ళనడమంటే ఆ ఇంటిని అవమానించడమే.

"ఏం మెత్తబడిందయ్యా," అన్నాడు చివరికి. "గొంతులో దిగినట్టే లేదు."

"పాతబడింది కదా, ఘాటు పోతుంది," అంది వాళ్ళావిడ, గ్లాసు తిప్పి చూస్తూ.

మర్యాద కోసం ఇద్దరూ రెండోసారి కూడా పోయించుకున్నారు. పీరోత్ వాళ్ళం పిసినారులమని దేశమంతా ఆడిపోసుకుంటుంది. ఊరికే వచ్చిన నీళ్ళని కూడా అంత గౌరవంగా తాగేది మేమే.

నాన్న తన తల్లి వైపు చూశారు. ఆవిడ మబ్బుల్ని పరీక్షగా చూస్తోంది.

"రక్తపోటుకిరా," అంది మా ఇద్దరికే వినబడేలా. "రోజూ ఒక్క గుక్క. తీసినంతా నీళ్ళు పోసి పెట్టాను, సీసా అయితే నిండుగానే ఉందిగా. నీ కూతురు పెళ్లికి ఇంత తాత్సారం చేస్తే, తప్పు నాదా?"

నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ఎండిన సున్నం పెచ్చులూడినట్టు నవ్వుతున్నారు.

చెదోమిర్ తాడు విప్పాడు. నేను వ్యాను ఎక్కాను. నాన్న కిటికీ మీద చెయ్యి వేసి, వీధంతా వినేలా, "వెళ్ళిరా," అన్నారు. కాస్త ఆగి, "జాడీలు మాత్రం తిరిగి తీసుకురా," అన్నారు.

బండి కదలగానే నాయనమ్మ ఆయన చేతిలోంచి సీసా లాక్కుని, మిగిలినదంతా మా వెనక రోడ్డు మీద కుమ్మరించింది. ఇల్లు దాటేవాళ్ళ దారి నీళ్ళలా సాఫీగా సాగాలని మేం అలా పోస్తాం.

"చూశావురా?" అంటోంది నాన్నతో. "అన్నీ ముందే ఆలోచించే పోశాను."

ఆ శీతాకాలం చివర నాయనమ్మ నిద్రలోనే పోయింది. రక్తపోటు చివరిదాకా చక్కగా ఉందని డాక్టరు మెచ్చుకున్నాడు. నాన్న ఇప్పుడు ఆదివారాలు వంతెన దాటి వస్తారు, ఖాళీ జాడీలు తీసుకెళ్ళడానికే వచ్చానంటారు, చీకటి పడేదాకా కూర్చుంటారు.

మీ ఇంట్లో ఎవరైనా మొదటిసారి గడప దాటుతుంటే వెనకాల కాసిని నీళ్ళు పోయండి. నీళ్ళే పోయండి, రకియా నేలపాలైతే ఆవిడ సహించదు. పోసేటప్పుడు మా నాయనమ్మ జగోర్కాని ఒక్కసారి తలుచుకోండి.