పార్సిల్ ముడి

…అయినా ఆ పిల్లను అనడానికి తనెవరు? టెష్ గారి చెంపకు నురుగు పూస్తూ వెర్నా అనుకుంది. ఆ పిల్ల గంటల కోసం వచ్చేది, తను జీతం కోసం వస్తోంది. గుమ్మం దాటగానే ఇద్దరూ ఒకేలా నవ్వేవారు. తను రావడం మానలేదు, అంతే తేడా.

కోరా అక్టోబరు చివర మానేసింది. ఈ ఊరి హైస్కూలు పిల్లలందరూ అంతే. వేసవిలో వృద్ధాశ్రమానికి వస్తారు, ముసలివాళ్లకు పేపరు చదువుతారు, గోళ్లకు రంగు వేస్తారు, కాలేజీ దరఖాస్తులో చూపించుకోడానికి, సేవ చేసిన గంటలకు ఆయా వెర్నా చేత సంతకం పెట్టించుకుంటారు. కాలేజీ దరఖాస్తులు వెళ్లిపోయాక ఒక్కరూ కనిపించరు. సరస్సు మీది బాతులు కూడా అప్పుడే వెళ్లిపోతాయి. వాటిని ఎవరూ తప్పుపట్టరు.

"పెద్దాయనా, కదలకండి. గడ్డంతో పాటు చెవి కూడా వచ్చేస్తుంది."

"తీసుకుపో. వినాల్సినవన్నీ వినేశాను."

ఆయన వేళ్లు దుప్పటి అంచున ఊడి వేలాడుతున్న దారానికి ముడి వేస్తున్నాయి. రెండు చుట్లు, ఒక మెలిక, ఒక లాగు. కాగితం మిల్లులో నలభై ఏళ్లు పార్సిళ్లు కట్టిన వేళ్లు. మిల్లు మూతపడింది, భార్య ఇర్మా పోయింది, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం వచ్చింది. వేళ్లకు మాత్రం పని అయిపోయిందని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ప్రతి తలుపు పక్కనా గోడకు చిన్న అద్దాల పెట్టె ఉంటుంది. లోపలున్న మనిషి ఒకప్పుడు ఎవరో తెలిపే వస్తువులు అందులో పెడతారు. పెళ్లి ఫోటో, సైన్యం పతకం, బేస్‌బాల్ గ్లవ్. ఏం పెట్టమంటారని చేరిన రోజు అడిగితే, "ఏముంది పెట్టడానికి?" అన్నాడాయన. పెట్టె చాలాకాలం ఖాళీగానే ఉంది. ఇప్పుడు అందులో కోరా కొనితెచ్చిన చెక్క ఓడ ఉంది.

వేసవిలో ఒకరోజు ఆ పిల్ల ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. నీలాంటి పిల్లలు వేలమంది ఉన్నారు, కాలేజీవాళ్లు నిన్నే ఎందుకు తీసుకోవాలని స్కూల్లో సలహాదారు అడిగిందట. తండ్రి ట్రక్కు నడుపుతాడు, తల్లి పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఇంట్లో ఎవరూ చావలేదు, ఎవరూ తాగరు.

"దరఖాస్తు వ్యాసంలో రాసుకోడానికి నాకు ఒక్క కష్టం కూడా లేదు," అని వెక్కింది.

పక్కన దుప్పటి మడుస్తున్న వెర్నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే పోయింది. అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకుని, తన పంతొమ్మిదో ఏట సరుకు ఓడ ఒకటి నవంబరు తుఫానులో ఎలా మునిగిందో, తాడు పట్టుకుని తనెలా బతికాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ఈత రాదు. సరస్సు వైపు చూస్తే కళ్లు తిరుగుతాయని కిటికీ తెర ఎప్పుడూ వేయించుకుంటాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని ఆయన వేళ్లను చూసింది.

"ఈ ముడులు అక్కడ నేర్చుకున్నవేనా?"

"మరి?" అన్నాడాయన.

వెర్నా వేడి తువ్వాలుతో ఆయన మొహం తుడిచింది.

"ఆ పిల్ల వస్తే…"

"రాదండీ. వాళ్ల పనైపోయింది."

"వస్తే, ఓడ మునిగిందనే చెప్పు."

"నా చేత అబద్ధాలాడించకండి. నా మొహమే పట్టిచ్చేస్తుంది."

"నా బతుకులో ఒకరికి పనికొచ్చింది అదొక్కటే వెర్నా. అదీ జరగనిది."

వెర్నా ఆయన తల పక్కకు తిప్పింది. చెవి వెనక మిగిలిన నురుగు తుడిచింది.

మధ్యాహ్నం ఆయన చికెన్ సూపు రెండు చెంచాలు తాగి పడుకున్నాడు. గిన్నె తీయడానికి వెళ్లేసరికి ఆక్సిజన్ యంత్రం ఊపిరి వదులుతూనే ఉంది. ఆయన వదలడం లేదు. నర్సు వచ్చి నాడి చూసి యంత్రం ఆపింది. కబురు చెప్పడానికి బంధువులెవరూ లేరు. కాసేపటికి శవాల బండి వచ్చి తీసుకెళ్లింది. రేపు ఈ గదిలోకి కొత్తవాళ్లొస్తారు, పెట్టె ఖాళీ చెయ్యమంది నర్సు.

చీకటి పడే వేళకు కోరా వచ్చింది, బూట్లకు మంచు, చేతిలో డోనట్ల డబ్బా.

"వెర్నా గారూ, సీటొచ్చింది! నిద్రపోతున్నారా? లేపేద్దాం. తిడితే నన్ను తిడతారులే!"

వెర్నా ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పింది.

డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల దాని మూత తెరిచి మళ్లీ మూసింది. "సీటొచ్చాకే వద్దామనుకున్నా. రాకపోతే ఏ మొహం పెట్టుకుని రాను? అంత కథ నాకిచ్చారు, పాడుచేశానని ఎలా చెప్పను?" తర్వాత తలెత్తింది. "ఆ తుఫాను రాత్రి గురించి మీకూ చెప్పారా?"

వెర్నా చెంపలు వేడెక్కాయి. మిల్లు, నలభై ఏళ్లు, ఇర్మా, అన్నీ నాలుక చివరకు వచ్చాయి. చెబితే ఆ సీటు జీవితాంతం ఈ పిల్ల గొంతులో ముల్లయి ఉంటుంది. చెప్పకపోతే పార్సిళ్లు కట్టిన మనిషి ఎక్కడా ఉండడు. ఎన్నడూ లేని ఓడవాడు మిగులుతాడు.

"చెప్పారు," అంది. "నీళ్లు మహా చల్లగా ఉన్నాయన్నారు."

కోరా ఏడుస్తూనే నవ్వింది. వెర్నా పెట్టె తెరిచి ఓడ ఆమె చేతికిచ్చింది. తన మొహం ఎర్రబడడం ఆ పిల్ల చూసే ఉంటుంది. ఏడుపు వల్ల అనుకుని ఉంటుంది.

కోరా వెళ్లిపోయాక వెర్నా గదిలోకి వెళ్లింది. లాండ్రీ సంచిలో వేద్దామని దుప్పటి లాగింది. అంచున ఉన్న ముడి వేలికి తగిలింది. గోళ్లు తీసే కత్తెరతో అక్కడ కత్తిరించి, బయటికొచ్చి, పెట్టెలో పెట్టి తాళం వేసింది.

అద్దం వెనక, ఓడ ఉన్న చోట, కాస్త దారం. రెండు చుట్లు, ఒక మెలిక, గట్టిగా లాగిన కొస.