అర్థాల పట్టిక

మిల్లు మేస్త్రీలు మా కళ్లముందే కర్రపెండలం మొక్కలను పీకి గుర్రాల డెక్కల కింద వేశారు. అడ్డువెళ్లిన కూలీ ఒనోఫ్రి మణికట్టును కొరడా పిడితో విరగ్గొట్టారు. చెరకు సాళ్ల నడుమ కూలీలు తమ తిండికోసం చాటుగా నాటుకున్న మొక్కలవి. ఇరవై ఏళ్లుగా దొరకనివి ఆనాడే ఎందుకు దొరికాయి?

కారణం ఒక పుస్తకం. మేస్త్రీ గుర్రం కనబడగానే ఎవరో ఒకరు "నీళ్లో!" అని కేకవేసేవారు. మిగతావారు పెండలం వదిలి చెరకు కత్తి పట్టేవారు. ఆ పుస్తకం రాసిన బెలార్మీనో కూలీ బిడ్డ. ట్రామ్ కండక్టరుగా, బడిపంతులుగా, విలేఖరిగా పనిచేసి, చివరికి బ్రెజిల్‌లోని మా పెర్నాంబుకో ప్రాంత రచయితగా పేరు పొందాడు. ఆ కేకను నవలలో పెట్టాడు. నగర పాఠకులకోసం ప్రచురణకర్త చివర అర్థాల పట్టిక అడిగాడు. దానిని అకారాది క్రమంలో కూర్చింది అప్పట్లో అతని భార్యనైన నేనే. "నీళ్లో: మేస్త్రీ వస్తున్నాడని హెచ్చరిక." మిల్లు యజమాని మేస్త్రీలందరికీ తలా ఒక ప్రతి పంచాడు.

"సాహిత్యం మీద నేరం మోపకు" అన్నాడు బెలార్మీనో. నేను అతన్ని విడిచి, కూలీ పిల్లలకు చదువు చెబుతూ ఇక్కడే ఉండిపోయాను. అతను మిల్లు యజమాని చెల్లెలిని పెళ్లాడాడు.

ఆరేళ్ల తరువాత మిల్లు ఆవరణలోనే అతనికి సన్మానం. కూలీలను వరుసల్లో నిలబెట్టారు. నాకు కలిగింది కోపం కాదు, రోత. అందులో నా మీద రోత కూడా ఉంది.

"మీ భాషను లోకానికి చాటాను" అన్నాడతను, పట్టు రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

ఒనోఫ్రి భార్య జుల్మీరా ముందుకొచ్చింది. "చాటావులే బాబూ! మేస్త్రీకి బాగా వినబడింది."

జనం గొల్లున నవ్వారు.

"నేనూ మీవాడినే కదా, జుల్మీరా?"

"మావాడివే. మా వీధి కుక్కే, తోకాడించేది మాత్రం మిల్లు గేటు కాడ!"

"నోరు ముయ్యవే!" అని మేస్త్రీ అరిచాడు.

"మూస్తానయ్యా, ఒక్క మాట చెప్పి. మా మాట ఈయన తీసుకున్నాడు, ఈయన పేరు మేం తీసుకుంటాం. చెల్లుకు చెల్లు." ఆమె జనంవైపు తిరిగి గొంతెత్తింది: "బెలార్మీనో!"

నాలుగు వందలమంది వేదికకు వీపు చూపి పొలంలోకి నడిచారు. పట్టపగలు, మేస్త్రీల ఎదుటే, పెండలం కాడలు నాటారు. సాయంత్రానికి పోలీసులు పదకొండుగురిని పట్టుకుపోయారు. మర్నాడు వారి సాళ్లలో మిగిలినవారు నాటారు. ఇప్పుడు గుర్రం కనబడితే పొలమంతటా రచయిత పేరే మోగుతుంది.

ఇది రాయవచ్చా అని జుల్మీరాను అడిగాను.

"రాసుకో పంతులమ్మా. నీ కథ అచ్చయ్యేలోపు ఆ కేక మార్చేస్తాంలే."

కొత్త కేక ఏమిటని నేను అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు.