అద్దంలాంటి పొలం

ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం మంచి అలవాటే. మరి పొలం? ఈ ప్రశ్న ఒక రైతు పెద్దాయనను డెబ్బై ఏళ్లలో ఎవరూ అడగలేదు. ఆయనకూ తోచలేదు.

తెల్లవారగానే స్నానం చేసి, దేవుడికి మొక్కుకుని, ఆయన గట్టు మీదికి వచ్చేవాడు. చెప్పులు విప్పి నేలకూ దండం పెట్టేవాడు. ఆ తర్వాత ఒక్క గడ్డిపరకైనా మిగలకుండా ఏరేవాడు. కోత కాగానే మోళ్లకు నిప్పు పెట్టించి, నేలను మూడుసార్లు దున్నించేవాడు. ఆ పొలం అద్దంలా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. అలా ఆయనకు 'అద్దం పెద్దాయన' అన్న పేరు వచ్చింది.

పేరు నిలిచింది గాని పంట నిలవలేదు. నాలుగేళ్లుగా వేసే ఎరువు పెరుగుతోంది, వచ్చే గింజ తగ్గుతోంది. ఒకరోజు కోడలు కాస్త మట్టి మూటగట్టి భూసార పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడి అధికారి దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇందులో ప్రాణం లేదమ్మా. కాల్చడం ఆపండి, దున్నడం ఆపండి. ఏదో ఒక పైరుతో నేలను ఎప్పుడూ కప్పి ఉంచండి."

ఆమె ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. భర్త సగం మనసుతోనే ఒప్పుకున్నాడు.

"రోడ్డువైపు పొలం చెక్కలో చేసి చూడు. ఒక్క ఏడాది. అదీ కుదరకపోతే పొలం కౌలుకిచ్చేసి గోడౌన్లో పనికి పోతా. ఇక నా వల్ల కాదు."

మామగారు ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఆమె ఒప్పుకోలు అనుకుంది.

మోళ్ల మధ్యే జనుము, అలసంద చల్లింది. నెల తిరిగేసరికి పైరు మోకాలెత్తు లేచింది. కొత్తవారికి అది కలుపులాగే కనిపించింది. రోడ్డుకు అవతల మంగలి దుకాణం ఉంది. ఒకనాడు పెద్దాయన గడ్డానికి నురుగు పూస్తూ మంగలి నవ్వాడు.

"ఏంటి పెద్దాయనా, నీకు నేను గీస్తున్నాగాని నీ అద్దానికి గడ్డం మొలిచిందే! దానికెప్పుడు గీయిస్తావు?"

బెంచీ మీద ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే కొడుకూ కోడలూ చుట్టాల పెళ్లికని రెండు రోజులు వెళ్లారు. పెద్దాయన ట్రాక్టరు పిలిపించాడు. పచ్చపైరుతో సహా చెక్కంతా దున్నించి, పైకి తేలిన చెత్తను కుప్పలు పోసి కాల్పించాడు. కరెంటు స్తంభానికి ఊతంగా నేలకు బిగించిన తీగ అడ్డం వచ్చి ట్రాక్టరు తిరగలేదు. అక్కడ రెండు మంచాలంత మేర పైరు మాత్రం మిగిలింది.

తిరిగివచ్చిన కోడలు గట్టు మీదే ఆగిపోయింది.

"ఏంటి మామయ్యా ఇది?"

"నీ మంచికేనమ్మా. నలుగురూ నిన్ను చూసి నవ్వుతుంటే నేను చూడలేకపోయాను."

కొడుకు, "సరే నాన్నా. ఒకటో తారీఖు నుంచి వస్తానని గోడౌన్లో చెప్పేస్తా" అని లోపలికి వెళ్లిపోయాడు.

మూడో రోజున గట్టి వాన పడింది. అది వెలిశాక పెద్దాయన రోడ్డు మీదికి వచ్చేసరికి మంగలి పారతో తన మెట్ల మీది బురద గీకుతున్నాడు.

"చూశావా పెద్దాయనా! నీ అద్దం నడిచి నా దుకాణానికే వచ్చింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఆ బురదను వేళ్లతో తీసి చూశాడు. తాను రోజూ దండం పెట్టే మట్టే అది. అక్కణ్ణుంచి పొలానికి నడిచాడు. చెక్క నిండా జానెడు లోతు చాళ్లు కోసుకుపోయాయి. అడుగున బయటపడ్డ నేలలో వేలు దిగలేదు. స్తంభం దగ్గరికి వెళ్లాడు. జనుము నిలబడే ఉంది. దాని మొదట్లో వేలు గుచ్చితే కణుపులు దాటి మెత్తగా దిగింది. చల్లగా తగిలింది. వేలి పక్కనే ఒక వానపాము కదిలింది.

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. వెతుక్కుంటూ కొడుకూ కోడలూ వచ్చేదాకా లేవలేదు.

"అడవిని ఎవరు ఊడుస్తున్నార్రా? దేవుడు ఒక్క ఆకును కూడా తీసి పారేయడే! నాకెందుకు తట్టలేదు?" అన్నాడు. ఆ తర్వాత కోడలివైపు తిరిగాడు. "నీ ఏడాదిని నేనే పాడుచేశానమ్మా. ఆ విత్తనాలే మళ్లీ తెప్పించు. ఈ చెక్కే కాదు, పొలమంతా నీ ఇష్టం. చల్లడానికి నేనొస్తా."

కొడుకు వంగి, వాన కోసిన చాలులో చెయ్యి పెట్టి చూసి లేచాడు.

"గోడౌన్ వాళ్లకు ఇంకా చెప్పలేదులే నాన్నా. కానీ మళ్లీ నవ్వుతారు."

"నవ్వనీరా. చూసేవాళ్ల మెప్పు కోసం నేల ఒంటిమీది బట్ట లాగేశాను ఇన్నాళ్లూ. కప్పి ఉంచిన నేలే మనకు కూడు పెడుతుంది."