మూడో వాషరు

వాల్వులో రెండే వాషర్లు వేసింది మెకానిక్కమ్మ. ఒట్టేసి చెప్పగలదు. అయినా ఇంజను నిమిషానికి ఏడు వేల చుట్లు అందుకోగానే ఆయిల్ ప్రెజర్ ముల్లు డెబ్బై దాటి, తొంభై దాటి, తొంభై ఐదు దగ్గర నిలబడింది.

"ఆపరా!" అని అరిచింది.

సీట్లో కూర్చున్న తమ్ముడు ఇంజను ఆపాడు. సాయంత్రం ఐదింటికి వాడు ఈ కారును పందెంలో తోలాలి. ఇంకా మూడు గంటలుంది.

ఆయిల్ ప్రెజర్ తక్కువైతే బేరింగులు ఎండి ఇంజను పట్టేస్తుంది. అలాగని ఎక్కువైతే మేలా? అదీ కాదు. పంపును తిప్పే సన్నటి కడ్డీ ఆ బరువు మోయలేక పుటుక్కున తెగుతుంది, అప్పుడు ప్రెజర్ సున్నా. ఆవిడ లెక్క వెయ్యి చుట్లకు పది, అంటే ఏడు వేలకు డెబ్బై. పంపు పక్కనున్న వాల్వులో స్ప్రింగు వెనక వాషర్లు పెంచేకొద్దీ ప్రెజర్ పెరుగుతుంది. ఈ ఇంజనుకు రెండు చాలు.

కాని ఈ షెడ్డులో మొదటినుంచీ మూడే వేసేవారు. అది ఆవిడ మొగుడి పద్ధతి. "ఎక్కువుంటే నష్టమేంటే? ఇంకోటి వెయ్యి" అనేవాడు మహానుభావుడు. ఆయనతో ఎవరు వాదిస్తారులే అని, లెక్క తెలిసి కూడా వేసేది. పోయినేడు ఆయన సరిగ్గా ఇలాంటి ఇంజనుతోనే పందేనికి దిగాడు. ముగింపు గీత ఇంకాస్త దూరంలో ఉందనగా ఇంజను పట్టేసింది, చక్రాలు బిగుసుకుపోయి కారు పల్టీలు కొట్టింది. అంతా కాలి ముద్దయిపోవడంతో కారణం ఎవరూ తేల్చలేదు. తలరాత అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ ఏడాది నెట్టుకొచ్చింది.

వాల్వు విప్పి స్ప్రింగు బయటికి లాగింది. వెనక మూడు వాషర్లున్నాయి.

"పొద్దున కూడా ఇంతేరా. మూడోది తీసి చెత్తడబ్బాలో పడేశాను. షెడ్డులోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదక్కా."

"అయితే కళ్లు పెట్టుకుని చూడు." ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టి, వాడి ఎదుటే బిగించింది. స్టార్ట్ చెయ్యమంది. మళ్లీ తొంభై ఐదు!

ఆవిడ ముల్లుకేసి చూస్తూ వెనక్కి జరిగింది. "మీ బావ... మీ బావే వేస్తున్నాడురా."

తమ్ముడు ఇంజను ఆపి దిగాడు. "బావ కాదక్కా, నువ్వే."

"నాకేమన్నా పిచ్చా?"

"రెండు పెట్టావు. పెట్టి, చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి ఇంకోటి తీశావు. అక్కా అని పిలిచా, పలకలేదు. ఎక్కువుంటే నష్టమేంటే అన్నావు. అది నీ గొంతు కాదు. భయంతో నాకు నోరు పెగల్లేదు."

ఆవిడ చెత్తడబ్బాలోకి తొంగి చూసింది. పానా తీసి వాడి చేతికిచ్చింది.

"నువ్వే బిగించు. నేను బయటుంటా. లోపల గడియ పెట్టుకో. నేనెంత బతిమాలినా తియ్యకు."

బయట మండుటెండ. గోడవారగా నించుంది. "డెబ్బై, అక్కా! కదలట్లేదు!" అన్న కేక వినబడే సరికి ఆవిడ గోడ దగ్గర లేదు. తలుపు దగ్గర ఉంది. అరచేతులు రెండూ కమిలిపోయి ఉన్నాయి. ఎంతసేపటినుంచి బాదుతోందో ఆ దేవుడికే తెలియాలి.

పందెం దగ్గర ఆవిడ కారు దరిదాపులకు పోలేదు. దూరంగా కంచె పట్టుకుని నించుంది. జెండా ఊపారు, కారు దూసుకుపోయింది. కారు గీత దాటింది, నెమ్మదించింది, చక్కగా ఆగింది.

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "గెలిచామక్కా! చివరిదాకా డెబ్బై! అటూ పోలేదు, ఇటూ పోలేదు!"

"బతికొచ్చావా నాయనా" అంటూ వాణ్ణి వాటేసుకుని బావురుమంది. అది సంతోషమే, అబద్ధం కాదు. కాని ఆ ఏడుపు ఆగలేదు. మూడు వాషర్లతో వీడు క్షేమంగా తిరిగొస్తే తన తప్పేమీ లేదని తేలేది. తన చెయ్యి పొద్దుటినుంచీ వెతుక్కుంది ఆ సాక్ష్యం కోసమే. దానికోసం వీణ్ణి కూడా పణంగా పెట్టబోయింది. అదే దారి, అలాంటి ఇంజనే, తేడా ఒక్క వాషరు. తలరాత అనుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"మీ బావని నేనే చంపానురా" అంది.

తమ్ముడు కాదనబోయాడు. కాని లెక్క వాడికీ తెలుసు.