మూడు మాటలకో ఊపిరి

రెండేళ్ళుగా నా నుంచి ఒక్క కొత్త పాట రాలేదు. వచ్చిందని మురిసిపోయినవన్నీ పాతవే, బట్టలు మార్చుకుని వచ్చాయి. పాటలు కట్టి పాడుకోవడమే నా బతుకు. గిటారు ఒళ్ళోకి తీసుకోగానే వేళ్ళు వాటంతటవే పాత దారి పట్టేవి. కొత్త పాట లేకపోతే వచ్చే శనివారం కచేరీ ఇంకొకరికి ఇచ్చేస్తానని, నేను పాడే హాలు నడిపే ఆయన మొహం మీదే చెప్పేశాడు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద కోపం రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే వాద్యాలు బాగుచేసే ముసలాయన దుకాణానికి వెళ్ళి, మూలన పడి ఉన్న, నా వేళ్ళకు దారి తెలియని పాత అకార్డియన్ అడిగి తెచ్చుకున్నాను.

"దీని తిత్తి కారుతోందమ్మా, గాలి నిలవదు. రెండ్రోజులాగు, అతుకు వేసిస్తా" అన్నాడాయన.

ఆగే ఓపికే ఉంటే నేను నేనెందుకవుతాను?

మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నేను, పక్క గదిలో అమ్మ, అమ్మ మంచం పక్కన గురగురమనే ఆక్సిజన్ మిషను. అమ్మ ముప్ఫై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో ఒక్క ఊపిరిలో గడగడా చెప్పేసేది. కునికే డ్రైవర్లు ఉలిక్కిపడి లేచేవారట. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడిపోయి, మూడు మాటలు అనేసరికి ఆగి గాలి పీల్చుకోవాలి. "మందుబిళ్ళలు ఎక్కడ పెట్టావు" అని ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు "తల్లీ" అంటుంది.

అకార్డియన్‌తో మొదటి మూడు రోజులూ నరకం చూశాను. భుజాలు లాగేశాయి. పాట మధ్యలో గాలి అయిపోయేది, తిత్తి మళ్ళీ సాగదీస్తే గానీ స్వరం పలికేది కాదు. తిట్టుకుంటూనే గాలి ఉన్నంతవరకు మాటలు పెట్టాను. ఆగాను. మళ్ళీ పెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నానికి పాట నిలబడింది.

"చివరి బస్సు వెళ్ళిపోయింది... నేనింకా ఇక్కడే ఉన్నాను..."

సిగ్గు లేకుండా ఏడ్చేశాను. రెండేళ్ళ కరువు మరి! "అమ్మా, విన్నావా?" అంటూ పక్క గదిలోకి పరిగెత్తాను.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నన్ను వెక్కిరిస్తున్నావా నువ్వు?" అంది. ఊపిరి తీసుకుంది. "నా ఆయాసాన్ని పాట..." మళ్ళీ ఊపిరి. "చేసుకున్నావా సిగ్గులేకుండా?"

"అయ్యో, అదేంటమ్మా! తిత్తి కారుతోంది, అందుకే..." అని మొదలుపెట్టి నోరు మూసుకున్నాను. మెల్లిగా లాగితే ఆ తిత్తి ఐదారు మాటలకు సరిపోతుంది. మూడింటికి ఆపింది నేనే. గోడ అవతలి ఊపిరికి నా చెయ్యి ఎప్పుడు అలవాటు పడిందో నాకే తెలియదు. కన్నతల్లి దగ్గర దొంగతనం చేసి దొరికిపోయినట్టయింది.

"హాల్లో అందరి ముందు..." అమ్మ ఆగింది. "పాడితే నామీద ఒట్టే."

మర్నాడు అకార్డియన్ ముసలాయనకు ఇచ్చాను. ఆయన తోలుముక్క అతికించి, "ఇక ఢోకా లేదమ్మా" అన్నాడు. ఢోకా లేదు, ప్రాణమూ లేదు. గురువారం ఇంట్లో అదే పాటను మధ్యలో ఆగకుండా పాడి చూశాను. నున్నగా సాగిపోయింది, నా పాత పాటలన్నిటికీ తోబుట్టువులా. శుక్రవారం పొద్దున వాద్యాన్ని పెట్టెలో పెట్టేసి, కచేరీ వద్దని చెప్పడానికి హాలాయనకు ఫోన్ చేశాను. అవతల మోగుతుండగా గుమ్మంలో అమ్మ కనిపించింది. ముక్కుకు గొట్టం, అది వెనకాల మంచం పక్క మిషను దాకా.

"ఫోను పెట్టెయ్" అంది. ఆగింది. "పాట అందుకో."

ఫోను పెట్టేశాను. "ఒట్టు పెట్టావుగా?"

"ఒట్టు తీసేశా." గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుంది. "నిన్న విన్నాను." ఆగింది. "చచ్చిన పాట."

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, అకార్డియన్ భుజాలకు తగిలించుకున్నాను. ఇప్పుడు తిత్తి నిండా గాలే. అయినా ఈసారి తెలిసే, కావాలనే, మూడేసి మాటలకు ఆగుతూ పాడాను. అమ్మ కళ్ళు మూసుకుని, బస్సుల వేళలు సరిచూస్తున్నట్టు కుర్చీ చేతిమీద వేలితో తడుతూ వింది. రెండో చరణం దగ్గర చెయ్యెత్తింది.

"తప్పు పాడుతున్నావ్." ఊపిరి తీసుకుంది. "మూడింటికి ఆగుతున్నావ్."

"నీలాగే కదమ్మా?"

"అది మొన్నటిదాకా." గొట్టం సర్దుకుని, గాలి కోసం చాలాసేపు ఆగింది. "ఇప్పుడు రెండే."

గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచి అమ్మ అన్నవన్నీ తలుచుకున్నాను. నిజమే, అన్నీ రెండేసి మాటలే. చెవులు తెరుచుకుని బతుకుతున్నానని చెప్పుకునే నాకు వినపడనే లేదు. ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడుపు తర్వాత" అంది అమ్మ.

తిత్తి తెరిచాను. "చివరి బస్సు" అని పాడి ఆగాను. అమ్మ గాలి పీల్చుకునేదాకా ఆగి, తర్వాతి మాట అందుకున్నాను.