పై వరస

ఆ పొద్దున మబ్బు కొండ భుజాల దాకా దిగింది. దిగి, అక్కడే కాసేపు తటపటాయించి, సముద్రం వైపు నుంచి గాలి లేవగానే ముక్కలు ముక్కలుగా విడిపోయింది. ఏడు గంటలకల్లా కొండ నెత్తి బయటపడింది. వాన లేదు గాని గాలిలో తడి వాసన ఉంది. గొర్రెల్ని దించి ఉన్ని కత్తిరించడానికి ఆ కొండల్లో అంతకన్నా మంచి రోజు దొరకదు. ఫీలిం గాలెన్ గుమ్మంలో నిలబడి చూసి టోపీ పెట్టుకున్నాడు.

"చెప్తానన్నావు," అంది వెనక నుంచి భార్య గ్రాన్యా.

"చెప్తాను."

"ఎప్పుడు? ఆరింటికల్లా వాళ్లు ఫోన్ చేస్తారు."

"కొండ దిగేలోపు చెప్తానన్నాను గదా."

చెప్పవలసింది పెద్ద మాటేం కాదు. "ఇక చాలురా" అంటే సరిపోతుంది. ఆ మాటని ఫీలిం వారం రోజులుగా నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాడు.

వాళ్ల కొడుకు రూరీకి ముప్పై రెండేళ్లు. పదహారో ఏట ఇంగ్లండు వెళ్లి ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. వాడి కాళ్లలో గాలి ఉండేది. పందొమ్మిదికి పెద్ద జట్టులో చోటు, ఇరవైకి కుడి మోకాలిలో లిగమెంటు తెగింది. అది కుదిరేసరికి చీలమండ విరిగింది. ఆ తర్వాత తొడ కండరం. ఆ తర్వాత మళ్లీ అదే మోకాలు. దేశం తరఫున ఆకుపచ్చ చొక్కా ఒక్కసారి వేసుకున్నాడు, పద్దెనిమిది నిమిషాలు. రెండోసారి పిలుపు వచ్చిన వారమే ఎడమ మోకాలు పోయింది. పెద్ద క్లబ్బు వదిలేస్తే చిన్న క్లబ్బు, అదీ వదిలేస్తే ఇంకా చిన్నది. చివరికి ఐర్లండు తిరిగొచ్చి రేవు పట్నంలోని జట్టులో చేరాడు. ఈ మార్చిలో అక్కడా స్ట్రెచర్ మీదే బయటికొచ్చాడు. ఇప్పుడు కాలు కుదిరింది. సీజన్ ముగిసే నవంబరు దాకా ఆడమని ఆ క్లబ్బు అడుగుతోంది. ఔనో కాదో ఈ సాయంత్రం చెప్పాలి.

ఆస్పత్రి బల్లల మీద కూర్చుని కూర్చుని గ్రాన్యాకి ఓపిక పోయింది. "వాణ్ణి రెండు కాళ్ల మీద ముసలాణ్ణి కానివ్వండి. నేనడిగేది అంతే," అంటుంది.

ఫీలిం ఆ మొదటి దెబ్బని టీవీలో చూశాడు. మోకాలు వెళ్లకూడని వైపుకి వెళ్లడం చూశాడు. ఆ తర్వాత ఏ ఆటా చూడలేదు. టీవీ పెట్టగానే దొడ్లోకి వెళ్లి గొర్రెల మధ్య నిలబడేవాడు. గ్రాన్యా కిటికీ తెరిచి "నిలబడే ఉన్నాడు!" అని కేకేసేది. పన్నెండేళ్లుగా కొడుకు ఆట గురించి తండ్రికి తెలిసింది ఆ ఒక్క మాటే.

ఎనిమిదింటికి ఇరుగుపొరుగు వాకిట్లో చేరారు. కాండీ బాయిల్, అతని కూతురు ఓర్లా, ఇంకో నలుగురు. ఒకరి మందని దించే రోజున మిగతావాళ్లందరూ రావడం, ఆ తర్వాత వీళ్లు వాళ్ల కొండకి వెళ్లడం తాతల నాటి నుంచి ఉన్నదే. దానికో పద్ధతుంది. మంద ఎవరిదో వాళ్లు చేతికర్ర ఎత్తి ఎవరి వరస ఎక్కడో చూపిస్తారు. గోడ వెంట కింది వరస, మధ్యలో రెండు, శిఖరం కింద పై వరస. ఎవరూ ఎందుకని అడగరు, వద్దనరు. పై వరస కాళ్లున్నవాడిది. ముసలాళ్లూ ఒంట్లో బాగాలేని వాళ్లూ రోడ్డు పక్కన దొడ్డి గుమ్మం దగ్గర నిలబడతారు.

రూరీని గుమ్మం దగ్గరే నిలబెట్టాలని ఫీలిం రాత్రే అనుకున్నాడు. రూరీ కూడా అదే అనుకున్నాడు కాబోలు, పాత బూట్లతో గోడకి ఆనుకుని ఉన్నాడు.

కాండీ ఊరుకుంటాడా? "ఏరా రూరీ, నిన్ను గుమ్మం దగ్గర పెడతాడా మీ నాన్న? మంచిదే, రోడ్డు పక్కన. అంబులెన్సు వాళ్లకి సులువు!"

అందరూ నవ్వారు. రూరీ కూడా నవ్వాడు. "వాళ్లకి నా పుట్టినరోజు కూడా తెలుసు కాండీ. కేకు తెస్తారు," అన్నాడు.

ఓర్లా తండ్రి వైపు చూసి, "నీ నోటికి కట్టు కట్టడానికి ఎవరొస్తారు మరి?" అంది. మళ్లీ నవ్వారు.

ఫీలిం నవ్వలేదు. చేతికర్ర ఎత్తాడు. కర్ర గుమ్మం వైపు వెళ్లవలసింది, పైకి లేచింది. శిఖరం దాకా లేచి అక్కడ ఆగింది.

"రూరీ, పై వరస," అన్నాడు.

కెటిల్ పట్టుకుని బయటికొచ్చిన గ్రాన్యా ఆ కర్రనీ మొగుడి మొహాన్నీ చూసి లోపలికి వెళ్లిపోయింది. తప్పు చేశానని ఫీలింకి ఆ క్షణమే తెలుసు. కానీ చూపించిన వరసని మార్చడం ఆ కొండల్లో ఎవరూ చేయరు, చూపించిన వరసని కాదనడం కూడా చేయరు. రూరీ తలూపి, కంచె దాటి, మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాడు.

మధ్య వరసలో ఫీలిం. అతనికి పైన ఓర్లా, ఆమెకి పైన రూరీ. కుక్కలు రెండూ ఫీలిం ఈలకి అటూ ఇటూ సాగుతున్నాయి. గొర్రెలు తెల్లని గుంపులుగా రాళ్ల మధ్య నుంచి కదిలాయి. ఫీలిం మాత్రం గొర్రెల్ని చూడడం లేదు. తల ఎత్తినప్పుడల్లా కొడుకు కుడికాలినే చూస్తున్నాడు. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. అడ్డంగా నడిచేటప్పుడు కొంచెం ఈడుస్తున్నాడు.

ఆ కొండకి ఒకచోట కనుమ ఉంది. గొర్రెలు అందులో దూరాయంటే అవతలి లోయలో తేలతాయి, ఆ రోజు పని మట్టిలో కలుస్తుంది. దారి తెలిసిన ముదురు గొర్రెలు ఏటా అక్కడే తప్పించుకోవాలని చూస్తాయి. చిరిగిన చెవుల ముసలి గొర్రె ఒకటి వాటికి పెద్ద. పై వరసవాడు ప్రాణం పెట్టి పరిగెత్తి దాని ముందుకెళ్లాలి. పదిహేనేళ్లప్పుడు రూరీ లేడిలా పరిగెత్తేవాడక్కడ.

పన్నెండు గొర్రెలు మంద నుంచి విడిపోయాయి. ముసలిది ముందు. నేరుగా కనుమ వైపు.

"పరిగెత్తు రూరీ! పరిగెత్తు!" ఓర్లా అరుపు కొండంతా మోగింది.

"వద్దురా," అన్నాడు ఫీలిం, తనకి తనే వినపడేంత చిన్నగా.

రూరీ పరిగెత్తలేదు. పరిగెత్తే అవసరమే అతనికి లేదు. గొర్రెలు ఇంకా గడ్డి కొరుకుతున్నప్పుడే, వాటికి పారిపోవాలన్న ఊహ పుట్టకముందే, అతను వరస వదిలి నడుచుకుంటూ వెళ్లి కనుమకి ఇవతల రాళ్లగుట్ట పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వెళ్లాడో ఫీలిం చూడలేదు. ముసలి గొర్రె అతన్ని చూసి ఆగింది. రూరీ ఎడమకి ఒక్క అడుగు వేశాడు, కుడిపక్క దారి వదిలేసినట్టు. గొర్రె అటు దూకబోయింది. అది భుజం తిప్పేలోపే అతను అక్కడున్నాడు. మళ్లీ ఆగింది. ఈసారి అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. గొర్రె కాసేపు చూసి, తల తిప్పి కిందికి నడిచింది. పదకొండూ దాని వెనక.

ఫీలిం ఈల వేయడం మరిచిపోయాడు. కుక్కలు తిరిగి అతని మొహంలోకి చూశాయి.

మంద గోడ దాకా దిగాక, ఓర్లా ముందుకి వెళ్లాక, ఫీలిం కొడుకు కోసం ఆగాడు. రూరీ దిగుతూ కుంటుతున్నాడు. దిగడమే కష్టం ఆ మోకాలికి.

"ఏంటి నాన్నా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?"

"అది అటు పోతుందని నీకెలా తెలిసింది?"

"చెవి. తిరగబోయే ముందు చెవి తిప్పుతుంది. మనుషులైతే తుంటి తిప్పుతారు."

"చిన్నప్పుడు నీకిది తెలీదు."

"చిన్నప్పుడు అవసరమేముంది? పరిగెత్తేవాణ్ణి." రూరీ గోడ మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. "రెండో ఆపరేషన్ తర్వాత వేగం పోయింది. ఎనిమిది నెలలు బెంచీ మీద కూర్చుని ఆట చూశాను. ఎవడు ఎప్పుడు ఎటు తిరుగుతాడో అదొక్కటే చూశాను. అలా కూర్చుంటే ఎవడికైనా వస్తుంది."

"రాదు," అన్నాడు ఫీలిం.

కింద దొడ్డి దగ్గర కాండీ ఎవరినో తిడుతున్నాడు.

"నీ ఆట నేను చూడలేదురా."

"తెలుసు. అమ్మ చెప్పింది. గొర్రెల దగ్గరికి పోతావట."

"ఊఁ."

"ఆరింటికి ఫోన్ చేస్తారు," అన్నాడు రూరీ. "కాదందామనే వచ్చాను. మోకాలు నవంబరు దాకా ఆగొచ్చంటాడు డాక్టరు, ఆగకపోవచ్చనీ అంటాడు. ఆడాలని ఉంది. కానీ మీ ఇద్దర్నీ మళ్లీ ఆస్పత్రి చుట్టూ తిప్పడం... నువ్వు చెప్పు నాన్నా. నువ్వు చాలంటే చాలు."

చెప్పవలసిన చోటు అదే. అంతకన్నా మంచి చోటు దొరకదు. ఫీలిం నోరు తెరిచాడు. వారం రోజులు నాలుక కింద ఉన్న మాట అక్కడ లేదు.

"మీ ఆటలు ఏ రోజు?" అన్నాడు.

"శుక్రవారాలు."

"శుక్రవారం నాకు పనేం ఉండదు. గోల్ వెనకాల కాదు, పక్కన నిలబడే చోటు చూడు. నువ్వు బాగా కనిపించేటట్టు."

రూరీ తండ్రి మొహంలోకి చూశాడు. ఫీలిం అప్పటికే కుక్కల్ని పిలుస్తూ దిగిపోతున్నాడు.

మధ్యాహ్నమంతా ఉన్ని కత్తిరించారు. రూరీ గొర్రెల్ని పట్టి తెచ్చాడు, ఓర్లా, కాండీ కత్తిరింపు మరలు పట్టారు, ఫీలిం ఉన్ని చుట్టాడు. ఆరు దాటుతుండగా ఫోన్ మోగింది. మరలు ఆగాయి. రూరీ చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోన్ ఎత్తాడు.

"ఔను... సరే. సోమవారం వస్తాను." అంతే.

"మళ్లీనా!" అన్నాడు కాండీ. "అటు పరిగెత్తి వెళ్లి ఇటు కుంటుకుంటూ వస్తావురా నువ్వు."

ఫీలిం ఉన్ని చుట్ట కింద పెట్టాడు. సొంత పిల్లల్ని పదిమందిలో పొగడడం ఆ కొండల్లో లేదు. అది సిగ్గుమాలిన పని. ఫీలిం పుట్టి అరవై ఎనిమిదేళ్లలో చేయలేదు.

"కాండీ," అన్నాడు. "పొద్దున కనుమ దగ్గర మా వాడు నడుచుకుంటూ చేరిన చోటికి, నువ్వు పాతికేళ్ల వయసులో గుర్రమెక్కి వెళ్లినా చేరేవాడివి కాదు. ఎక్కడ నిలబడాలో ఇంత బాగా ఎరిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. చూడవలసింది, చూడలేదు. తప్పు నాది."

ఓర్లా మర ఆన్ చేసింది, ఎవరికైనా అక్కడ చెయ్యగలిగింది అదొక్కటే. రూరీ ఇంకో గొర్రెని పట్టడానికి వెళ్లాడు. వెనక్కి తిరగలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి.

వంటింటి గుమ్మంలో గ్రాన్యా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఫీలిం ఆమె వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్లింది.

కత్తిరింపు అయ్యాక అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. గొర్రెమాంసం ఉడికించిన పులుసు, తొక్కతో ఉడికిన బంగాళాదుంపలు, వెన్న, టీ. గ్రాన్యా వడ్డించింది. ఓర్లాకి, కాండీకి, మిగతా నలుగురికి, రూరీకి. మాంసం గరిటె నిండా రూరీకి వేసి, ఒక క్షణం వాడి భుజం మీద చేయి ఆనించి తీసేసింది. ఫీలిం పళ్లెం దగ్గరికొచ్చి ఆగింది. అతను తల దించుకునే ఉన్నాడు. గరిటె గాల్లో కాసేపు ఉంది. ఆ తర్వాత ఆమె అతనికి కూడా అంతే వేసి, పక్కనే కూర్చుని, పగిలిన దుంప మీద వెన్న రాసి అతని వైపు జరిపింది. తలలు వంచుకుని అందరూ తిన్నారు.