తొట్టి దొంగ

కొత్త రాయిని తెల్లబట్టతో కప్పించడం కిబ్వానా చేసిన తప్పు. పైగా డప్పులు పిలిపించాడు, మౌల్వీ చేత దువా చదివించాడు, రాయి నాటడానికి నిలువెత్తు గొయ్యి తవ్వించాడు. ఇవన్నీ ఒకచోట కలిస్తే ఆఫ్రికా తూర్పు తీరాన కిజీవా రేవులోని జరామో తెగవాళ్ళు దాన్ని చావు అంటారు. తానూ జరామోయే, ఊరి పురావస్తు సంఘానికి పెద్ద అయ్యుండీ అతనికి ఆ సంగతి తట్టనేలేదు. ఇంగ్లండు నుంచి దొర వారసులు వస్తున్నారన్న సంబరంలో బుర్ర పనిచేయడం మానేసింది.

దొర అంటే థార్న్‌బీ. విక్టోరియా రాణి కాలంలో ఈ రేవులో దిగి, న్యామ్వేజి తెగ కూలీల నెత్తిన బరువులు పెట్టి, లోపలి సరస్సుల దాకా నడిపించాడు. వాళ్ళ దేశపు పుస్తకాల్లో మహానుభావుడు. ఇక్కడ మాత్రం కిబోకో దొర. కిబోకో అంటే నీటిగుర్రం తోలుతో చేసిన కొరడా. ఆ కొరడా కథలు ఈ మధ్య వాళ్ళ దేశంలోనూ బయటపడేసరికి, పరువు కడుక్కోవడానికి వారసులు ఈ రాయి చెక్కించారు.

చెక్కేవాడి కొట్టు ముందు నుంచి పోతూ న్యాంజాలా ముసలమ్మ అంతకు ముందురోజే దాన్ని చదివింది. "తన కూలీలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. స్నానపు తొట్టి దొంగిలించి పారిపోయిన లుగూషాను తప్ప ఎవరినీ శిక్షించలేదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆమె న్యామ్వేజి మనిషి, లుగూషా ఆమె ముత్తాతకు అన్న. దొర తన యాత్ర గురించి రాసిన పుస్తకంలోని ఆ ఒక్క మాటను పట్టుకుని బళ్ళో పిల్లలు ఆమెను తొట్టి దొంగ మనవరాలా అని ఏడిపించారు. ఇప్పుడు ఆమె మనవల్నీ అదే మాటతో ఏడిపిస్తున్నారు. నేరుగా కిబ్వానా ఇంటికి వెళ్ళింది.

"ఆ దొంగ మాట తీయించు."

"రాయి చెక్కడం అయిపోయిందే ముసలీ. అయినా అది దొర స్వయంగా రాసిన మాట."

"కొట్టి చంపినవాడు చచ్చినవాణ్ణి మంచోడని రాస్తాడా? అడవిలో స్నానాల తొట్టిని ఏం చేసుకుంటాడు రా దొంగ? అమ్ముకుంటాడా, పెళ్ళాన్ని కూచోబెడతాడా?"

"నన్నడిగితే? రేపు పిలావు వండిస్తున్నాను, తిని పో. గోల మాత్రం చెయ్యకు."

న్యాంజాలా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటే. లుగూషా తమ్ముడు మిహాంబోకి దారిలో జ్వరం తగిలింది. నడవలేనివాణ్ణి అక్కడే వదిలేయమన్నాడు దొర. లుగూషా నెత్తిమీది రేకు తొట్టిని పొదల్లోకి విసిరేసి, తమ్ముణ్ణి భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. తమ్ముణ్ణి ఒక పల్లెలో అప్పగించాక దొర మనుషులు పట్టుకున్నారు. లుగూషా కొరడా కింద పోయాడు. మిహాంబో బతికాడు, పిల్లల్ని కన్నాడు. న్యాంజాలా ఆ మిహాంబో వంశమే.

మర్నాడు డప్పులు మోగుతుండగా ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి, గొయ్యి అంచున ఉన్న రాయి మీది తెల్లబట్ట లాగేసింది. పక్కనే ఆనించి ఉన్న నిచ్చెన పట్టుకుని గోతిలోకి దిగి, ఒంటిమీద కప్పుకున్న ఖంగా గుడ్డ పరిచి పడుకుంది.

జనం ఘొల్లున నవ్వారు. జరామోలకూ న్యామ్వేజీలకూ ఉతాని వరస ఉంది. అది మన బావామరదళ్ళ వేళాకోళం లాంటిదే, కాకపోతే చావింట్లో కూడా చెల్లుతుంది. వరసవాళ్ళు గోతిలో పడుకోవచ్చు, శవాన్నీ బంధువుల్నీ నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. చావింటివాళ్ళే అడిగింది ఇచ్చి లేపుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడికి తీరమంతటా తలెత్తుకునే యోగం ఉండదు.

"లేవే నా బానిస కూతురా! ఇదిగో కోడి," అన్నాడు కిబ్వానా పళ్ళు బయటపెట్టి.

"కోడి నీ దొరకి పెట్టు. ఆకలికి చచ్చిన కూలీలు పైలోకంలో ఆయన కోసం కాచుకునున్నారు."

దొర వారసులు అదేదో ఆటనుకుని చప్పట్లు కొట్టి ఫోటోలు తీశారు. ఆ చప్పట్లు విన్నాక ముసలమ్మ ముఖంలో మిగిలిన కాస్త నవ్వూ పోయింది.

"స్నానపు తొట్టి దొంగిలించి పారిపోయిన అన్న మాటలు కొట్టేయించు. అప్పుడు లేస్తాను."

కిబ్వానా గొయ్యి అంచున వంగి గొంతు తగ్గించాడు. "నా పరువు తీయకు. వేళాకోళమంటే నవ్వాలి. నువ్వు నవ్వడం లేదు."

"నాకు నవ్వు రావడం లేదు. నా వాళ్ళ నవ్వు మీ దొరే తినేశాడు."

"పోలీసుల్ని పిలుస్తా!" అని అరిచేశాడు కిబ్వానా.

డప్పులు ఆగిపోయాయి. అతని పెదనాన్నే ముందుకొచ్చి చేతికర్రతో పొడిచాడు. "చావు దగ్గర వరసదాని మీద అరుస్తావట్రా? మన ఇళ్ళల్లో చావులకి ఇక ఎవడొస్తాడు? అడిగింది చెయ్యి."

ఎర్రటి ఎండలో దొర మునిమనవడు నిలబడి, అనువదించేవాణ్ణి పదేపదే ఏమిటని అడిగాడు. చెప్పడానికి వాడికి ధైర్యం చాలలేదు. చెక్కేవాడు ఉలి తెచ్చి, ఆమె చెప్పిన మాటలు మాత్రం కొట్టేశాడు. రాతి పొడి గోతిలో ఆమె మీద రాలింది. దులుపుకోలేదు.

"నీ చావుకి నేనూ వస్తానే," అన్నాడు కిబ్వానా కసిగా. "గోతిలోంచి లేవను."

"రా. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. దొంగ అని మాత్రం అనకు."

ఇద్దరు చేయి అందిస్తే పైకి వచ్చింది. కిబ్వానా రాయి వైపు తిరిగి, మిగిలిన మాటలు పైకి చదివాడు. "తన కూలీలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. లుగూషాను తప్ప ఎవరినీ శిక్షించలేదు." చదివాక అతని ముఖం మాడిపోయింది.

"ఇదేమిటే ఇలా అయింది? లుగూషాని ఎందుకు కొట్టాడని అడగరూ చదివినవాళ్ళు?"

"అడగనీ," అంది న్యాంజాలా, ఖంగా భుజాన వేసుకుంటూ. "అడిగినవాళ్ళని మా ఇంటికి పంపు."